గండి కొడితే చెరువు పోదు: కొల్లేరు, ఉప్పుటేరు కేస్ స్టడీ

కొల్లేరు గురించి మాట్లాడేటప్పుడు ముందు అడగాల్సింది ఎన్ని ఎకరాలని కాదు, ఎన్ని అడుగులని. సముద్ర మట్టానికి +3 అడుగుల కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) లోపల సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. +5 దగ్గర 308, +7 దగ్గర 673, +10 దగ్గర 901. అడుగు పెరిగితే పొలాలు, రోడ్లు, ఊళ్లు మునిగే పల్లం ఇది. వరదకాలంలో, సరస్సు నీరు ఉప్పుటేటికి దిగే దారిలోని పెదయడ్లగాడి వంతెన దగ్గరి స్కేలు మీద రాసుకునే అంకె కోసం కైకలూరు, మండవల్లి, ఏలూరు వైపు లంక గ్రామాలన్నీ ఎదురు చూసేది అందుకే.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన లోతట్టు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దీంట్లోకి దిగుతాయి. వాటితో పాటు రెండు డెల్టాల వరిచేల మురుగు మోసే డ్రెయిన్లు, విజయవాడ, ఏలూరు, గుడివాడ పట్టణాల మురుగు కూడా ఇక్కడికే. రావడానికి ఇన్ని దారులు. పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1999 అక్టోబరులో జీవో 120 ద్వారా +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో 90,100 హెక్టార్లు రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేరాయి. సరస్సు గర్భంలోనే గట్లు కట్టి వేసిన చేపల చెరువుల గట్లను 2006లో పెద్దఎత్తున తొలగించారు. 2008లో అభయారణ్యాన్ని +3కు కుదించాలని శాసనసభ తీర్మానించగా, ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించొద్దని చెప్పింది. ఈ పరిధిలో సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ (సొంత పట్టా), 5 వేల ఎకరాలకు పైగా డి-ఫారం పట్టా (ప్రభుత్వం ఇచ్చిన) భూములున్నాయి. వాటికి పరిహారం తేల్చకుండా పొక్లెయిన్ దింపితే పని మూడో రోజుకే ఆగుతుంది. దాని గురించి ఇంతకన్నా ఇక్కడ రాయక్కర్లేదు.

ఒక రోజు వరద లెక్క

పెద్ద వరదలో కొల్లేటికి లక్ష క్యూసెక్కులు వస్తున్నాయనుకుందాం. ఉప్పుటేరు బాగున్నప్పుడు 15 వేలు లాగుతుందనుకుందాం. మిగిలిన 85 వేల క్యూసెక్కులు ఒక్క రోజు సరస్సులో నిలిస్తే 7.3 టీఎంసీలు, అంటే దాదాపు 20.8 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 308 చదరపు కిలోమీటర్ల మీద పరిస్తే మట్టం 68 సెంటీమీటర్లు, అంటే 2.2 అడుగులు పెరుగుతుంది. ఆ విస్తీర్ణంలో సగం చేపల చెరువుల గట్ల లోపల ఉంటే, పరుచుకోవడానికి మిగిలిన సగంలో పెరిగేది 4.4 అడుగులు.

ఇక్కడ తరచు ఒక వాదన వినిపిస్తుంది: 'చెరువుల్లో కూడా నీళ్లే కదా ఉన్నాయి, నిల్వ తగ్గిందెక్కడ?' నీళ్లు ఉండటమే ఇబ్బంది. చేపల చెరువును పంపులతో తోడి 1.5 నుంచి 2 మీటర్ల లోతుకు నింపి ఉంచుతారు. వరద వచ్చేసరికి అందులో ఖాళీ ఉండేది నీటి అంచు నుంచి గట్టు తలకట్టు దాకా ఉన్న ఒకటి రెండు అడుగులే. గట్టు పొర్లినా అది పట్టేది అంతే. వేసవికి ఎండిన సరస్సు గర్భమైతే మొదటి అంగుళం నుంచీ నీటిని పుచ్చుకుంటుంది.

దిగే లెక్క ఇంకా కష్టం. +5 నుంచి +7 మధ్య సగటు విస్తీర్ణం 490 చదరపు కిలోమీటర్లు, లోతు 61 సెంటీమీటర్లు. నిల్వ సుమారు 10.6 టీఎంసీలు. పైనుంచి చుక్క రాకపోయినా 15 వేల క్యూసెక్కులతో ఇది దిగడానికి 8 రోజులు. వాగులు ఇంకా 5 వేలు తెస్తుంటే 12 రోజులు. మామూలు వరి పూర్తిగా మునిగి వారం దాటితే కుళ్లుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక, అక్కడ నీళ్లు తగ్గుతున్నా దిగువ కొల్లేరు లంకల్లో పెరుగుతూనే ఉన్నది ఈ లెక్క వల్లే. వరద ఎగువన గంటల్లో వస్తుంది, ఇక్కడ రోజుల్లో పోతుంది.

ఉప్పుటేరు: ఉన్న వాలే అయిదడుగులు

+5 అడుగులంటే 1.52 మీటర్లు. 60 కిలోమీటర్ల దూరానికి ఇంతే వాలు. అంటే 40 వేల మీటర్లకు ఒక మీటరు. ఇంత తక్కువ వాలులో ప్రతి సెంటీమీటరూ డబ్బే. సముద్రంలో పోటు 0.6 మీటర్లు ఎత్తితే ఉన్న వాలులో 40 శాతం పోతుంది, ప్రవాహం సుమారు 22 శాతం తగ్గుతుంది (ప్రవాహం వాలు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి). తుపాను ఉప్పెనతో సముద్రం మీటరు ఎత్తు నిలిస్తే మిగిలేది మామూలు ప్రవాహంలో సుమారు 58 శాతమే. కొల్లేరుకు వరద తెచ్చే వాయుగుండాలు చాలాసార్లు ఇక్కడి సముద్రాన్ని కూడా ఎత్తే ఉంచుతాయి.

పూడిక సంగతి చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మూడు మీటర్ల లోతు ఉండాల్సిన చోట అర మీటరు పూడిందంటే ఆరో వంతు పోయిందనుకుంటారు. వెడల్పు మారకుండా లోతు తగ్గితే ప్రవాహం లోతుకు అయిదు బై మూడో ఘాతంలో తగ్గుతుంది. అర మీటరు పూడికతో పోయేది ఆరో వంతు కాదు, నాలుగో వంతు పైనే.

వంతెనలది మరో పద్దు. రోడ్డు, రైలు వంతెనల ఖానాలు (కింద నీరు పోయే దారులు) ఏటి వెడల్పుకన్నా ఇరుకైతే ఎగువన నీరు ఎత్తు కడుతుంది. ఒక్కో వంతెన 5 సెంటీమీటర్లు ఎత్తు కట్టినా, అలాంటివి అయిదు ఉంటే 25 సెంటీమీటర్లు. మొత్తం వాలులో ఆరో వంతు వంతెనలకే పోయినట్టు. ఖానాల్లో గుర్రపుడెక్క అడ్డం పడితే ఈ 5 కాస్తా 15 అవుతుంది. చేపల కోసం ఏటికి అడ్డంగా వేసే వలకట్ల గుంజలు కూడా అంతే. గుంజ సన్నగానే ఉంటుంది, దానికి పట్టుకునే డెక్క గోడ అవుతుంది.

అందుకే ఉప్పుటేరు పనికి ముందు చేయాల్సిన సర్వే ఇలా ఉండాలి. 500 మీటర్లకు ఒక అడ్డుకోత (ఏటికి అడ్డంగా తీసే వెడల్పు, లోతుల కొలత), వంతెనల దగ్గర ఎగువ, దిగువ 50 మీటర్లలో అదనంగా ఒక్కొక్కటి. అడ్డుకోతలన్నీ ఒకే బెంచిమార్కుకు (ఎత్తు తెలిసిన స్థిరమైన గుర్తుకు) కట్టాలి. ఒక శాఖ స్థానిక బెంచిమార్కు నుంచి, ఇంకో శాఖ జీపీఎస్ నుంచి మట్టం తీసుకుంటే 20, 30 సెంటీమీటర్ల తేడా సులువుగా వస్తుంది. ఉన్న వాలే 1.52 మీటర్లయినప్పుడు ఆ తేడాతో నీరు ఎగువకు పారుతున్నట్టు కూడా కాగితం మీద తేలుతుంది. నీటి మట్టాలు ఒకేసారి కనీసం అయిదు చోట్ల, గంటకోసారి, అమావాస్య నుంచి అష్టమి దాకా చదవాలి. పెద్ద పోటు, చిన్న పోటు రెండూ అందులో వస్తాయి.

ఏ పూడిక ముందు తీయాలి? తవ్వడం తేలిక కాబట్టి ఎగువ నుంచి మొదలుపెడుతుంటారు. దిగువ మెడ ఇరుకుగా ఉండగా ఎగువ లోతు చేస్తే గుంట మాత్రమే తయారవుతుంది. మొదటి వరదకే మళ్లీ పూడుతుంది. మట్టాల రికార్డులో ఎక్కడ నీటి అంచు హఠాత్తుగా దిగుతోందో ఆ మెడ దగ్గర మొదలుపెట్టాలి. తీసిన మట్టిని ఏటి గట్టు వాలు మీద పోస్తే జులైలో లోపలికే జారుతుంది. గట్టు తలకట్టు దాటి, కనీసం పది మీటర్లు అవతల పోయాలి.

గట్టు తీయడం, గండి కొట్టడం

ఒక ఉదాహరణ చెరువు తీసుకుందాం. 20 హెక్టార్లు, చదరంగా ఉంటే ఒక్కో పక్క 447 మీటర్లు, చుట్టు గట్టు సుమారు 1,790 మీటర్లు. గట్టు తల 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, వాలు ఒకటికి ఒకటిన్నర. అడుగు వెడల్పు 9 మీటర్లు, అడ్డుకోత 12 చదరపు మీటర్లు, మొత్తం మట్టి దాదాపు 21,500 ఘనపు మీటర్లు.

ఇందులో 20 మీటర్ల గండి కొడితే తీసేది 240 ఘనపు మీటర్లు. గంటకు 60 ఘనపు మీటర్లు కదిపే పొక్లెయిన్‌కు నాలుగు గంటల పని. పూడ్చడానికీ అంతే. నాలుగు మూలలా నాలుగు గండ్లు కొట్టి ఫొటోలు తీసి వెళ్లిపోతే, చెరువు యజమానికి రెండు రాత్రుల డీజిల్ ఖర్చుతో చెరువు తిరిగి లేస్తుంది. తీసింది నూటికి అయిదు వంతులు కూడా కాదు. చెరువులు మళ్లీ ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు రాజకీయం ఒక జవాబు, ఈ 240 ఘనపు మీటర్లు ఇంకో జవాబు.

పూర్తిగా నేలమట్టం చేయాలంటే అదే యంత్రానికి 358 గంటలు; రోజుకు 8 గంటల చొప్పున 45 రోజులు, అయిదు యంత్రాలైతే 9 రోజులు. టిప్పర్లు అక్కర్లేదు. గట్టు మట్టి ఎక్కడిది? చెరువు లోపల గట్టు వెంబడి తవ్విన కందకంలోది. అక్కడికే తిరిగి తోయాలి. బయటికి తోస్తే పక్క డ్రెయిన్ పూడుతుంది, లోపల కుప్పలుగా వదిలితే దిబ్బలై వాటి మీద తూడు, కిక్కిస గడ్డి లేస్తాయి. తర్వాత ఆ దిబ్బలే కొత్త గట్టుకు పునాది.

పని వరుస ఇది. చేపల పట్టుబడి అయ్యాక, మోటార్ల కరెంటు కనెక్షన్ ముందు తీయాలి. గట్టు ఉన్నా తోడకుండా చెరువు నడవదు. కరెంటు పోతే సగం పని అయినట్టే, కానీ చాలా ఉత్తర్వుల్లో ఈ మాట చివరి పేరాలో ఉంటుంది. తర్వాత తూము గొట్టాలు, పంపు దిమ్మలు, షెడ్లు. తర్వాత వాగు వచ్చే వైపు, పోయే వైపు ఎదురెదురుగా గండ్లు. ఒకే వైపు గండ్లు కొడితే లోపల నీరు కదలకుండా మురుగుతుంది. ఆఖరున గట్టంతా కందకంలోకి.

కాలం మార్చి నుంచి జూన్ మొదటి వారం లోపే. కొల్లేటి నేల నల్లబంక. తడిస్తే యంత్రం బొజ్జదాకా దిగబడుతుంది. ఒకసారి దిగబడిన దాన్ని తీయడానికి ఇంకో రెండు కావాలి. పొడవు చెయ్యి పొక్లెయిన్, కింద పరచడానికి తాటి దుంగలో ఇనుప ప్లేట్లో తెచ్చుకోవాలి. పని అయిందని సంతకం పెట్టేముందు ఆటో లెవెల్‌తో (మట్టం కొలిచే సర్వే పరికరం) పాత గట్టు వరుస మీద 50 మీటర్లకు ఒక మట్టం తీయాలి. చుట్టూ ఉన్న సరస్సు గర్భంతో 15 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్న చోట బిల్లు ఆపాలి. లంక గ్రామానికి దారిగా వాడే గట్టును తీయకూడదు, తీయనివ్వరు కూడా. దానికి సరస్సు గర్భం మట్టంలో ఖానాలు పెట్టాలి. పై అంచున గొట్టాలు పెట్టి ఖానాలన్నారంటే అది మళ్లీ గట్టే.

నీరు చెడేది ఎక్కడ

బొచ్చె, శీలావతి చెరువుల్లో మేత ఎక్కువగా నూనె తీసిన తవుడు. ఒక టన్ను చేపకు మూడు టన్నుల మేత పడిందనుకుంటే, అందులో నత్రజని 2.4 శాతం చొప్పున 72 కిలోలు. పట్టిన చేపలో బయటికి పోయేది 27 కిలోల లోపు. మిగతా 45 కిలోలు నీటిలో, బురదలో ఉంటాయి. హెక్టారుకు 8 టన్నుల దిగుబడితో 20 హెక్టార్ల చెరువుకు ఏడాదికి 7 టన్నుల పైచిలుకు నత్రజని. కొంత గాలిలోకి పోతుంది, ఎక్కువ భాగం బురద పడుతుంది. పట్టుబడికి చెరువు ఖాళీ చేసేటప్పుడు పై నీరు ఫర్వాలేదు. వల లాగి బురద లేచాక పోయే ఆఖరి అయిదో వంతు నీటిలోనే మేటలో చాలా భాగం డ్రెయిన్‌లోకి పోతుంది. చౌకైన మందు కూడా అక్కడే ఉంది: ఆ ఆఖరి అడుగు నీటిని రెండు మూడు రోజులు చెరువులోనే తేరనిచ్చి, పై పొర నుంచి పలకల తూముతో వదలడం. అడుగు గొట్టంతో వదిలితే ఫలితం సున్నా. అభయారణ్యం బయట, చట్టబద్ధంగా ఉన్న చెరువులకు ఇది షరతుగా పెట్టదగ్గది.

కొలతల్లో జరిగే పొరపాటు ఎక్కువగా వేళది. ఉదయం పదకొండుకు జీపులో వచ్చి తీసిన నమూనాలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములు చూపించి 'బాగుంది' అని రాస్తారు. పచ్చటి నీటిలో నాచు పగలు ఆక్సిజన్ వదిలి రాత్రి పీలుస్తుంది. తెల్లవారుజామున అయిదుకు కొలిస్తే అక్కడే 1 లేదా 2 ఉండొచ్చు. చేపలు గాలి కోసం నీటి పైకి తలెత్తే వేళ అది. అయిదుకు ఒకటి, మధ్యాహ్నం రెండున్నరకు ఒకటి, రెండూ ఉంటేనే రికార్డు. మీటరు లేకపోతే 300 మిల్లీలీటర్ల సీసాలో బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ రెండేసి మిల్లీలీటర్లు అక్కడే వేసి ఆక్సిజన్‌ను స్థిరపరచాలి. ప్రయోగశాలకు చేరాక వేస్తే ఆ అంకె దారిది, కొల్లేటిది కాదు.

అమ్మోనియా ఒక్కటే కొలిచి ఊరుకోవడం కూడా అలాంటిదే. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.5 ఉంటే మొత్తం అమ్మోనియాలో విష రూపం 2.5 శాతం. నాచు పెరిగి మధ్యాహ్నం పీహెచ్ 9కి చేరితే అదే నీటిలో 45 శాతం. పీహెచ్, వేడి, వేళ పక్కన లేని అమ్మోనియా అంకెకు అర్థం లేదు.

ఉప్పు ఎదురెక్కడం, రెగ్యులేటర్ల ముచ్చట

వేసవిలో డెల్టా కాల్వలు కట్టేస్తారు, డ్రెయిన్లలో పారుదల ఆగుతుంది, సరస్సు మీద రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే రెండు నెలల్లో అడుగు పైచిలుకు దిగుతుంది. ఉప్పుటేరులో వెనక్కి నెట్టే మంచినీరు లేనప్పుడు పోటుతో ఉప్పు ఎక్కుతుంది. ముఖద్వారం వైపు చినగొల్లపాలెం దగ్గర వంపు కోసి వేసిన స్ట్రెయిట్ కట్ (తిన్నటి కాలువ) లాంటి పనులు ఇక్కడ రెండు వైపులా కోసే కత్తి: వరదకు దారి ఎంత దగ్గరవుతుందో పోటుకూ అంతే.

ఉప్పు కొలవడంలో పైనీరు ముంచి తేవడం పనికిరాదు. ఉప్పునీరు బరువు, అడుగునే నాలుకలా పాకుతుంది. పడవ నుంచి వాహకత ప్రోబును (నీటిలో కరెంటు పారే తీరును బట్టి ఉప్పు చెప్పే పరికరం) అడుగుకు 30 సెంటీమీటర్ల పైన, మధ్యలో, పైన మూడు లోతుల్లో చదవాలి. పోటు నిండి నీరు నిలిచిన అరగంటలో. పైన తియ్యగా ఉండి అడుగున ఉప్పగా ఉన్న చోట పంపు అడుగుగొట్టం వేసిన రైతు మడి మాడిపోతుంది, పైనీటి రిపోర్టు మాత్రం శుభ్రంగా ఉంటుంది.

దీనికి పరిష్కారంగా ఉప్పుటేరు మీద పడతడిక, మొల్లపర్రు, దుంపగడప దగ్గర రెగ్యులేటర్ల (గేట్లతో నీటిని ఆపి వదిలే కట్టడాల) ప్రతిపాదన ఉంది. సరస్సును వేసవిలో నిలబెట్టడానికి రెగ్యులేటరు పనికొస్తుంది, అనుమానం లేదు. కానీ గేటు మూస్తే దానికి దిగువన ఆటు పోటు ఊపు చచ్చిపోతుంది. పోటు ఒండ్రు తెచ్చి వదులుతుంది, దాన్ని కడిగే ఆటు బలం లేదు కాబట్టి గేటు కిందే పూడుతుంది. జనవరి నుంచి జూన్ దాకా మూసి ఉంచిన గేటును జులైలో ఎత్తితే ఎదురుగా బురద గోడ ఉండొచ్చు. కాబట్టి గేట్లను నెలల తరబడి మూయకూడదు. పెద్ద పోట్ల రోజుల్లో మూసి, ఎగువ మట్టం దిగువకన్నా 10, 15 సెంటీమీటర్లు పైన ఉన్న ప్రతి ఆటులో కొంతసేపు ఎత్తి కడగాలి. ఇందుకు కాస్త మంచినీరు సముద్రానికి పోతుంది. అది వృథా అనుకునేవారు తర్వాత పూడిక తీతకు టెండరు పిలవాల్సి వస్తుంది.

డిజైన్‌లో చూడాల్సినవి: గేట్ల నికర వెడల్పు ఏటి వెడల్పుకు తగ్గకూడదు, గుమ్మం ఏటి అడుగు మట్టంలో ఉండాలి, రబ్బరు సీళ్లు రెండు వైపుల ఒత్తిడికీ పనిచేయాలి, ఇనుముకు సముద్రపు ఎపాక్సీ పూతతో పాటు తుప్పు ఆపే జింకు దిమ్మలు. వరదకాలంలో గేటు నీటి అంచుకు పూర్తిగా పైకి లేవాలి. ఒక అడుగు మునిగి ఉన్నా డెక్క పట్టుకుంటుంది. చేతితో తిప్పే చక్రం తప్పనిసరి, ఎందుకంటే కరెంటు పోయేది తుపాను రోజే. చేపలకు, రొయ్యలకు దారి వదలాలి. నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగి గుడ్లు పొదగడానికి ఉప్పుచప్ప నీటికి దిగుతుంది, పిల్ల మళ్లీ పైకి ఎక్కుతుంది. దారి మూస్తే కొల్లేటిలో మావులు (చేపలు, రొయ్యలు పట్టే బుట్టలు) వేసేవాళ్లకు మొదట కనిపించే లోటు అదే.

గుర్రపుడెక్క

హెక్టారు దట్టమైన డెక్క పచ్చిగా 200 టన్నులు తూగొచ్చు, ఎండితే పది పన్నెండు టన్నులు. అందుకే పచ్చిగా లారీల్లో తోలడం నీళ్లు మోయడమే. గట్టు అవతల పలుచగా పరచి రెండు వారాలు ఎండనివ్వాలి. డ్రెయిన్‌లో తీత దిగువ నుంచి ఎగువకు సాగాలి, నీరు కదులుతూ పని తేలిక చేస్తుంది. ఎగువ నుంచి తేలి వచ్చేదాన్ని ఆపడానికి వెదురు బొంగులు తాడుతో కట్టి అడ్డంగా తేలవేయాలి. మందు చల్లి చంపితే చచ్చింది అక్కడే మునిగి ఆక్సిజన్ తినేస్తుంది, పూడిక పెంచుతుంది. మే నెలలో తీసిన చోటికి ఆగస్టులో మళ్లీ వెళ్లకపోతే ఖర్చు పెట్టనట్టే లెక్క. వారం రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది.

పని ఫలించిందా అన్నది తొలి వరదలో రెండు స్కేళ్లు చెబుతాయి. పెదయడ్లగాడి వంతెనకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండూ ఒకే బెంచిమార్కు మీద ఉండాలి. ఒకే గంటలో చదివిన రెండు మట్టాల మధ్య 10 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే ఖానాలు మూసుకుపోయినట్టు. రెండింటికీ తేడా లేక రెండూ కలిసి పెరుగుతుంటే అడ్డు ఉప్పుటేరు కింద ఎక్కడో ఉన్నట్టు. పొక్లెయిన్‌ను ఎటు పంపాలో ఆ రాత్రే తేలుతుంది, స్కేలు దగ్గర లాంతరు పట్టుకుని గంట గంటకూ రాసే మనిషి ఉంటే.